బిర్యానీ చల్లారిన ప్రార్థన

భోజనానికి ముందు ప్రార్థన చేసి అందరి ఆకలీ చంపేసిన ఘనత నాది. ఉద్యోగంలో నాకు పెద్దగా బిరుదులేమీ రాలేదు గానీ, ఈ ఒక్క సంగతి మాత్రం పాత సహోద్యోగులు ఎక్కడ కలిసినా గుర్తుచేసి నవ్వుతారు. మొన్న మా సంఘంలో యువజనుల కూడికలో ఒకమ్మాయి లేచింది. గచ్చిబౌలి వైపు ఏదో అద్దాల మేడలో పనిచేస్తుందట. "ఆంటీ, ఆఫీసులో మనం క్రైస్తవులమని చెప్పుకోవాలా, ఊరుకోవాలా?" అని అడిగింది. ఇంటికెళ్ళి రాసిస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను. సలహా ఇందులో తక్కువ. జరిగింది మాత్రం జరిగినట్టే ఉంటుంది.

మీరు చూస్తున్న హైటెక్ సిటీ వేరు, మేము చూసింది వేరు. తొంభైల చివరి రోజులవి. ఊరి నుంచి వచ్చే రోడ్డు జూబ్లీహిల్స్ దాటగానే సన్నబడి, మాదాపూర్ చేరేసరికి దుమ్ములో కలిసిపోయేది. కొత్తగా లేచిన మేడలు అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతాదంతా బండలు, తుమ్మ చెట్లు, గేదెలు. మధ్యాహ్నం పూట బండలు పేల్చేవారు. ముందు ఈల వినిపించేది. ఈల వినగానే మేమంతా బల్లల మీది టీ కప్పులు చేత్తో పట్టుకునేవాళ్ళం. ధన్‌మని కిటికీ అద్దాలు అదిరాక కప్పులు మళ్ళీ కింద పెట్టి పనిలో పడేవాళ్ళం. చేరిన వారంలోనే ఎవరికైనా ఈ విద్య వచ్చేసేది.

అప్పటికి నాకు నలభై దాటాయి. అంతకుముందు ఒక ప్రభుత్వ రంగ సంస్థలో కంప్యూటర్ విభాగంలో చాలా కాలం చేశాను. నాకు వచ్చిన కంప్యూటర్ భాష కోబాల్. కొత్త పిల్లలు దాన్ని పాత చింతకాయ పచ్చడి అనేవారు. రెండువేల సంవత్సరం దగ్గరపడేసరికి ఆ పచ్చడికే గిరాకీ వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసేవారు. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే యంత్రం దాన్ని పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటుందని ప్రపంచమంతా హడలిపోయింది. ఆ హడలు మీదే మా కంపెనీ బతికింది.

మాకు దొరికిన పని అమెరికాలో ఒక బీమా కంపెనీది. పాలసీదారులు ఎప్పుడు ప్రీమియం కట్టాలి, ఎవరి పాలసీ రద్దయింది అని లెక్కతేల్చే ప్రోగ్రాములు వాళ్ళవి. మచ్చుకు ఒక చిన్న భాగం మాకిచ్చారు. మేము దాన్ని సరిచేసి, కొత్త తారీకులతో పరీక్షించి చూపాలి. నచ్చితే మిగతా పనంతా మాకే. నచ్చకపోతే బెంగళూరులో ఇంకో కంపెనీ కాచుకుని కూర్చుంది. పరీక్షల బాధ్యత నాది, అదీ తాత్కాలికంగా. పని నిలబడితే నన్ను ఆ జట్టుకు లీడ్‌గా ఖాయం చేస్తామన్నారు. నిలబడకపోతే జట్టే ఉండదు. జీడిమెట్లలో మా ఆయన పనిచేసే మందుల ఫ్యాక్టరీ ఆ ఏడే మూతబడింది. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. కాబట్టి ఆ లీడ్ అనే మాట నాకు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నా సంగతి. నేను బొట్టు పెట్టుకోను. మా అమ్మా పెట్టుకోలేదు. అమ్మ మెదక్ వైపు పల్లెల్లో బైబిల్ స్త్రీగా పనిచేసింది. ఊరూరా నడిచివెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఆమె ఉద్యోగం. పాత ఆఫీసులో చేరిన కొత్తలో నా బోసి నుదురు చూసి, నా భర్త పోయాడనుకుని జాలిపడ్డవాళ్ళున్నారు. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు. గ్రూపు ఫోటో రోజున ఒక పెద్దావిడ తన బ్యాగులోంచి స్టిక్కరు తీసి, "ఫోటో వరకైనా పెట్టుకోమ్మా, కళగా ఉంటుంది" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నేను నవ్వి వద్దన్నాను, వద్దని వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నా చోటు వెనక వరసే. ఎవరూ నన్ను అక్కడికి నెట్టలేదు. అడిగించుకోవడం ఇష్టంలేక నేనే వెళ్ళేదాన్ని.

హైటెక్ సిటీకి వచ్చాక కథ తిరగబడింది. ఇక్కడ నన్ను ముందు వరసలోకి లాగింది మా మేనేజరు గారు.

ఆయనది కృష్ణా జిల్లా. మంచి మనిషి, పిరికి మనిషి. ఏ పనైనా అన్ని వైపుల నుంచీ గట్టి చేసుకోవడం ఆయన పద్ధతి. కొత్త సర్వరు వస్తే కొబ్బరికాయ కొట్టేవారు. దర్గా నుంచి తాయెత్తు తెప్పించి దాని వెనక కట్టించేవారు. క్రైస్తవుల తరఫున ఏం చేయించాలో మాత్రం ఆయనకు తెలిసేది కాదు. ఆ లోటు నా వల్ల తీరుతుందని ఒక ఉదయం ఆయనకు తోచింది.

"మేడమ్ గారూ, మీ వాళ్ళు వస్తున్నారండి," అంటూ నా సీటు దగ్గరికి వచ్చారు.

అమ్మ వస్తున్నట్టు ఈయనకెలా తెలిసిందా అనుకున్నాను. "అవును సార్, రేపు సాయంత్రం మెదక్ బస్సుకు వస్తోంది."

"బస్సేంటండి బాబూ, విమానంలో వస్తున్నారు. అమెరికా వాళ్ళు. పరీక్షలు చూడడానికి ఆ బీమా కంపెనీ పెద్దావిడే స్వయంగా వస్తోందట."

"వాళ్ళు మా వాళ్ళెలా అవుతారు సార్?"

"అదేంటండి, మీరూ వాళ్ళూ ఒకటే దేవుడు కదా."

"మా వాళ్ళు మెదక్ దగ్గర పరాయి పొలాల్లో నాట్లు వేసిన వాళ్ళు సార్. అమెరికా అనే పేరు వినకముందే యేసు ప్రభువు పేరు విన్నారు," అన్నాను.

ఆయన ఆ మాట విననే లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "ఎల్లుండి భోజనాల దగ్గర మీరొక ప్రార్థన చదవాలండి, ఇంగ్లీషులో. సినిమాల్లో చూశాను, ప్రార్థన లేందే వాళ్ళు ముద్ద ముట్టరు. పరీక్షలన్నీ దిగ్విజయంగా పూర్తయినందుకు దేవుడికి థాంక్స్ చెప్పేయండి. మనం వాళ్ళతో చెప్పే కంటే, దేవుడితో చెబుతుంటే వింటే వాళ్ళకి నమ్మకం కుదురుతుంది."

"చదవడానికి మంత్రంలా ఏమీ ఉండదు సార్. మనసులో ఉన్నది చెప్పుకుంటాం."

"ఇంకా మంచిదండి. మనసులో అదే పెట్టుకోండి."

"చివర అందరూ ఆమెన్ అనాలి. ప్రార్థన ముగిసింది, అలాగే జరగాలి అని."

"ఆమెన్," అన్నారాయన, నోరు తిరుగుతుందో లేదో చూసుకుంటున్నట్టు. లేచి వెళుతూ ఇంకోసారి అనుకున్నారు.

దాచుకోకుండా చెబుతాను, నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళూ బోసి నుదురని పక్కకు తప్పుకున్న దాన్ని, ఇప్పుడు అదే నుదురు చూసి పిలిచి ముందు కూర్చోబెడుతున్నారు. మనసులోనే ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకున్నాను కూడా. ఆ సంతోషం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పేదాకా ఉంది.

నా పక్క సీటులో ఒకమ్మాయి ఉండేది. సనత్‌నగర్‌లో పుట్టి పెరిగింది. తెలివైన ప్రోగ్రామరు, నోట్లో మాట దాగదు. రోజూ నా డబ్బాలో కూర ఆమెకు, ఆమె డబ్బాలో కూర నాకు. ఆ రోజు డబ్బా మూతే తీయలేదు.

"అక్కా, సార్ అమెరికా వాళ్ళకు ఫోన్ చేసి టెస్టింగ్ మొత్తం అయిపోయిందని చెప్పేసిండంట. ఫిబ్రవరి రన్ ఇంకా కాలే కద," అంది.

ఇది కొంచెం విడమర్చాలి. డిసెంబరు ముప్పై ఒకటి నుంచి జనవరి ఒకటికి యంత్రం సరిగ్గా దాటుతుందా లేదా అన్నది మొదటి పరీక్ష. అది దాటింది. రెండోది ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. రెండువేల సంవత్సరం లీపు సంవత్సరం, ఆ తారీకు ఉంటుంది. మా ప్రోగ్రాము మాత్రం ఇరవై ఎనిమిది తర్వాత నేరుగా మార్చి ఒకటికి దూకేస్తోంది. ఆ రోజున ప్రీమియం కట్టినవాళ్ళను గడువు దాటినవాళ్ళుగా లెక్కేసి పాలసీ రద్దు చేస్తోంది. తెరమీద అది ఒక అక్షరం తేడా. అవతల మాత్రం ఎవరో ఒకావిడ, భర్త పోయిన దుఃఖంలో ఆఫీసుకు వెళితే నీకేమీ రాదు పొమ్మంటారు.

"నా భాగంలనే వస్తుంది అక్కా. ఎక్కడుందో దొరుకుతలేదు. రాత్రి నిద్ర పడ్తలేదు," అంది. "సార్‌కు చెప్తే, వాళ్ళు పోయినంక చూసుకుందాం, ఎవ్వరితోని అనకు అంటుండు. నాకైతే మస్తు పరేషాన్ ఉంది. జర నా పేరు బయటికి రానియ్యకు."

నేను లేచి మేనేజరు గారి గదికి వెళ్ళాను. కాని పనికి దేవుడికి కృతజ్ఞత చెప్పలేనన్నాను. ఆయన తలుపు మూసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"చిన్న విషయమండి అది. వాళ్ళు వెళ్ళాక మెల్లగా సరిచేద్దాం. ఇప్పుడు కాలేదంటే బెంగళూరు వాళ్ళకి అప్పజెప్పేస్తారు. ఇంతమంది పిల్లలకి నేనేం చెప్పాలండి? మీ ఇంటి సంగతి కూడా నాకు తెలుసు." గొంతు తగ్గించారు. "మీరు అబద్ధం చెప్పక్కర్లేదండి. ప్రార్థనే కదా."

ఆయన బెదిరించలేదు. బెదిరిస్తే నాకు తేలికయ్యేది. ఆయన భయం నాకూ ఉన్న భయమే. ఏమీ తేల్చకుండా బయటికి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం అమ్మ దిగింది. కళ్ళు మసకేస్తున్నాయి, పట్నంలో దవాఖానలో చూపించుకుందామని వచ్చింది. చెరో గ్లాసు టీ పట్టుకుని వాకిట్లో కూర్చున్నాక సంగతంతా చెప్పాను. పరలోక ప్రార్థన ఒక్కటి గడగడా చెప్పేసి కూర్చుంటే ఎలా ఉంటుందని అడిగాను. అది అందరికీ కంఠతా వచ్చిన ప్రార్థన, అందులో ఫిబ్రవరి ప్రసక్తి రాదు.

అమ్మ టీ ఊదుకుంది. "గట్ల చెప్తే ఎవ్వరూ నిన్ను తప్పు పట్టరు బిడ్డా," అంది. "కాని నువ్వు ఏది తప్పించుకునెతందుకు అది చెప్తున్నవో ఆయనకెర్కే కద. కండ్లు మూసుకుంటే ఎదురుంగ ఆయనొక్కడే ఉంటడు. ఇంగ కానిది అయిందని ఎట్లంటవు?"

"ఉద్యోగం పోతే ఎట్ల అమ్మా?"

"పోతె పోతది," అని టీ తాగేసింది. గ్లాసు కింద పెట్టి, "పోకుండ నేను గూడ ప్రార్థన చేస్తలే," అంది.

ఆ వచ్చిన పెద్దావిడ మేమనుకున్నట్టు లేదు. పొట్టిగా, తెల్లటి పొట్టి జుట్టుతో, చేతిలో ఒక మామూలు గుడ్డ సంచితో దిగింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా డిసెంబరు పరీక్షను తెరమీద రెండుసార్లు చూసి, తల ఊపి ఊరుకుంది. అప్పటికే మేనేజరు గారు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, వర్జ్యం దాటాకే ఆవిడను మెట్లెక్కించారు. ఇక మిగిలింది నా వంతు.

మధ్యాహ్నం పెద్ద గదిలో బల్లలన్నీ కలిపి తెల్ల గుడ్డలు పరిచారు. ఆవిడ కోసం కారం తగ్గించి చేయించిన బిర్యానీ హండీలో పొగలు కక్కుతోంది. పక్కన పెరుగు పచ్చడి. మా జట్టంతా గోడవారగా నిలబడ్డారు. సనత్‌నగర్ అమ్మాయి నా వైపు చూడకుండా నేల చూస్తోంది. మేనేజరు గారు గొంతు సవరించుకుని, మా సంప్రదాయం ప్రకారం ప్రార్థనతో భోజనం మొదలుపెడతామని ఇంగ్లీషులో ప్రకటించారు. ఆ సంప్రదాయం ఆ క్షణమే పుట్టిందని మా అందరికీ తెలుసు.

నేను లేచి కళ్ళు మూసుకున్నాను. కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టాను. "థాంక్యూ లార్డ్" అనేవరకు వచ్చింది. ఆ తర్వాత నాలుక కదలలేదు. చీకట్లో బిర్యానీ వాసన, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేవు. అమ్మ అన్నది నిజమే, ఎదురుగా ఆయనొక్కడే ఉన్నాడు. ఆయనతో నేను ఏనాడూ ఇంగ్లీషులో మాట్లాడలేదు. నోరు తెరిస్తే తెలుగు వచ్చేసింది.

"ప్రభువా, నీకు వందనాలు. ఈ అన్నం ఇచ్చినందుకు వందనాలు. వండిన చేతులను దీవించు. దూరం నుంచి వచ్చిన ఈ అమ్మను దీవించు. తండ్రీ, డిసెంబరు పని బాగా జరిగింది, అందుకు స్తోత్రం. ఫిబ్రవరి పని ఇంకా కాలేదు."

"ఆమెన్," అన్నారు మేనేజరు గారు గట్టిగా.

ఎవరూ అందుకోలేదు. నేనూ ఆగలేదు. మా సంఘాల్లో ప్రార్థనలు ఎంత పొడుగుంటాయో ఆయనకు తెలియదు పాపం. మా వాళ్ళు లేచి నిలబడితే దేవుడికి తెలిసినవన్నీ కూడా మళ్ళీ వివరంగా చెబుతారు.

"ఇరవై తొమ్మిదో తారీకు దగ్గర తప్పు వస్తోంది తండ్రీ. ఎక్కడుందో మాకు దొరకలేదు. కాలేదని వీళ్ళకు చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. అయిందని నీకు కృతజ్ఞత చెప్పడం నాకు చేతకావడం లేదు. రాత్రింబవళ్ళు కష్టపడుతున్న పిల్లల మీద నింద రానీయకు. మా సారు చాలా భయపడుతున్నారు, ఆయనకు నెమ్మది ఇవ్వు. మాకు ఇంకొంచెం గడువు ఇప్పించు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమెన్."

కళ్ళు తెరిచేసరికి తెలుగు వచ్చినవాళ్ళందరూ బొమ్మల్లా ఉన్నారు. తెలుగు రాని ఆవిడ ఒక్కతే మామూలుగా ఉంది. ఫోర్కు అందుకోబోయి ఆగి, మేనేజరు గారి వైపు తిరిగింది. ప్రార్థన చాలా బాగుంది, కానీ అందులో డిసెంబరు, ఫిబ్రవరి ఎందుకు వచ్చాయని అడిగింది.

నెలల పేర్లు మనకూ వాళ్ళకూ ఒకటేనన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఆయనకూ తట్టలేదు. నుదుటి మీది విభూతి చెమటకు కరిగింది. "అంటే, మా దేశంలో పంటలు..." అని మొదలుపెట్టారు. "డిసెంబరులో విత్తుతాం, ఫిబ్రవరిలో..."

ఆవిడ ఆయన్ని వదిలేసి నన్ను చూసింది. "అవునా?" అంది.

కళ్ళు మూసుకుని చెప్పడం ఒక ఎత్తు, కళ్ళు తెరిచి చెప్పడం ఒక ఎత్తు. ఇల్లు గుర్తొచ్చింది, మా ఆయన గుర్తొచ్చారు. అయినా ఇప్పుడే కదా దేవుడి ముందు ఒప్పుకున్నాను. నిమిషం తిరక్కుండా మనిషి ముందు మార్చడమెలా? ప్రార్థన మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. సారుకు భయమన్న ముక్క ఒక్కటి మాత్రం వదిలేశాను. అది మా ఇంటి విషయం.

సరిగ్గా అప్పుడు బయట ఈల వినిపించింది. మేమంతా అలవాటుగా ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకున్నాం. ధన్‌మంది. ఆవిడ కుర్చీలోంచి ఎగిరిపడింది. ఎవరూ చలించకుండా గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండడం చూసి, ముందు తెల్లబోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఫోర్కు కింద పెట్టేసింది.

"పదండి, ఆ ఫిబ్రవరి చూపించండి," అంది.

బిర్యానీ అలాగే వదిలేసి అందరం పైకి వెళ్ళాం. పరీక్ష నడిపాం. ఇరవై ఎనిమిది నుంచి మార్చి ఒకటికి మళ్ళీ దూకింది. ఆవిడ సనత్‌నగర్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇక్కడ చూశావా, అక్కడ చూశావా అని అడగసాగింది. ఆ పిల్ల మొదట తడబడింది. దాచడానికి ఇంకేమీ లేదని అర్థమయ్యాక గొంతు తెరుచుకుంది. తన ప్రోగ్రాములో ప్రతి వరసా చూశానని, చూడనిది ఒక్కటే ఉందని చెప్పింది. తారీకులు లెక్కపెట్టే ఒక చిన్న ప్రోగ్రాము అమెరికా నుంచే వచ్చింది. దాన్ని తామే సరిచేశామని, ఎవరూ ముట్టుకోవద్దని వాళ్ళే చెప్పారు. అందుకని మేము ముట్టుకోలేదు.

"ముట్టుకో," అంది ఆవిడ.

తెరిచారు. ఆ పిల్ల వేలు తెరమీద ఒక్కచోట ఆగింది. వందతో భాగిస్తే శేషం రాని సంవత్సరానికి లీపు లేదని రాసి ఉంది. ఆ మాట నిజమే. అయితే నాలుగు వందలతో కూడా శేషం రాకపోతే లీపు ఉంటుంది. రాసినవాళ్ళు మొదటి ముక్క రాసి రెండోది మరిచిపోయారు. తప్పు మాది కాదు, వాళ్ళది. మేము నోరు మూసుకుని పని అప్పగించి ఉంటే, ఫిబ్రవరిలో అది మా మెడకే చుట్టుకునేది.

"అక్కా, నాది కాదే," అంది ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని. అందరి ముందూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడుస్తూనే ఆ రెండో ముక్క రాసి పరీక్ష నడిపాం. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, మార్చి ఒకటి. మా జట్టు కేకలకు పక్క ఆఫీసువాళ్ళు మా మీద బండ పడిందేమోనని తొంగిచూశారు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం లాంటిది ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. నా ప్రభువు నన్ను సిగ్గుపడనివ్వలేదు అని పైకే అన్నాను. ఎవరు విన్నా నాకు పట్టలేదు.

వెళ్ళేముందు ఆవిడ నా సీటు దగ్గర ఆగింది. తాను చర్చికి వెళ్ళే మనిషి కాదని, దేవుడున్నాడో లేడో తనకు తెలియదని చెప్పింది. "మీరు ఆయనతో ఎలా మాట్లాడతారో నాతోనూ అలాగే మాట్లాడండి. నాకు అది చాలు," అంది. మిగతా పని మాకే ఇస్తున్నామని, దాన్ని నడిపే మనిషిగా నన్నే ఉంచాలని మేనేజరు గారితో అక్కడే చెప్పింది.

ఆవిడ కారెక్కాక మేనేజరు గారు చాలాసేపు మెట్ల మీదే నిలబడ్డారు. నేను పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"మీరు నన్ను ముంచేశారనుకున్నానండి," అన్నారు.

"నేనూ అనుకున్నాను సార్."

"ఆవిడ మీ వాళ్ళు కాదటగా."

"కాదు సార్. మొన్ననే చెప్పాను."

"మరి మీ వాళ్ళెవరండి?" అని అడిగారు. ఈసారి నిజంగా వినడానికే అడిగారు. మెట్ల మీదే కూర్చుని అమ్మ సంగతి, ఊరి సంగతి, ఫోటోలో వెనక వరస సంగతి చెప్పాను. చీకటి పడుతోంది, కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. ఆయన బస్సును ఆపించి మరీ విన్నారు.

ఇంటికెళ్ళి అమ్మకు అంతా చెబితే, చివరిదాకా విని ఒకే ప్రశ్న వేసింది. "ఆమెకు అన్నం పెట్టిన్రా లేదా?" పెట్టాము, చల్లారిన బిర్యానీ సాయంత్రం పూట అందరం నిలబడే తిన్నాం అన్నాను. "గదేంది, అంత దూరం నుంచి ఒచ్చినామెకు సల్లటి అన్నమా?" అని నన్నే కోప్పడింది.

అమ్మాయీ, చెప్పుకోవాలా ఊరుకోవాలా అని కదా అడిగావు. నేను చాలా ఏళ్ళు ఊరుకున్నాను. తర్వాత ఒకరు నన్ను బోర్డులా తగిలించబోయారు. రెండింట్లోనూ నేను లేను. కళ్ళు మూసుకుని ఆయన ముందు నిలబడినప్పుడు నేనెవరో ఆ గదిలో నాకు తెలిసింది. మెదక్ బైబిల్ స్త్రీ కూతుర్ని, ప్రభువు బిడ్డను, ఫిబ్రవరి పని కాలేదని తెలిసిన మనిషిని. ఈ మూడూ ఒకే మనిషని తెలిశాక వెనక వరసలోకి వెళ్ళాల్సిన పని మళ్ళీ పడలేదు. నీకు కూడా అలాంటి రోజొకటి వస్తుంది. రావాలని ప్రార్థన చేస్తాను.

ఇంకొక్క ముక్క చెప్పి ఆపుతాను. రెండువేల సంవత్సరంలో ఆ ఫిబ్రవరి ఇరవై తొమ్మిది రానే వచ్చింది. అమెరికాలో అర్ధరాత్రి అంటే మనకు టిఫిన్లు ముగిసే వేళ. పొద్దున్నే మేనేజరు గారు కొబ్బరికాయ కొట్టారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మీరూ ఒక మాట చెప్పండి మేడమ్ గారూ. ఉన్నదే చెప్పండి," అన్నారు. ముందు పని చూద్దాం సార్ అన్నాను. అందరం తెర ముందు గుమికూడాం. అవతల ఫోనులో ఆ పెద్దావిడ ఉంది. తారీకు మారింది. ఇరవై తొమ్మిది. తప్పుగా ఒక్క పాలసీ కూడా రద్దు కాలేదని ఆవిడే అక్కడి నుంచి చెప్పింది.

నేను నిలబడి కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, ఫిబ్రవరి పని అయిపోయింది. స్తోత్రం," అన్నాను. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

మూసిన కళ్ళ చీకట్లో, నా పక్కనుంచి, చాలా మెల్లగా ఒక గొంతు వినిపించింది. "ఇప్పుడు అనొచ్చాండి?"

"అనండి సార్," అన్నాను.

ఆ రోజు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే.